కుడితి తొట్టి లేని వంటిల్లు

ఇక్కడ దోహాలో ఎండ తగ్గుముఖం పట్టింది. జూన్ నుంచి మూసే ఉన్న బాల్కనీ తలుపు మొన్ననే తీశాను. సాయంత్రం పిల్లలు కిందికి దిగి ఆడుకుంటున్నారు. అల్ సద్‌లో ఉండే మన తెలుగువాళ్ళకి ఇదే అసలైన పండగల కాలం. బతుకమ్మ, దసరా, దీపావళి, ఆ తర్వాత కార్తీక వనభోజనాలు. వరసగా కలుస్తాం, వరసగా వండుతాం. ఈ నెల ఆ వంటల గురించే రాయాలనుకున్నాను. కాకపోతే తిన్నవాటి గురించి కాదు, పారేసినవాటి గురించి.

పోయిన ఏడాది దసరాకి పన్నెండు కుటుంబాలం మా బిల్డింగులోనే ఒక ఫ్లాట్‌లో కలిశాం. గురువారం రాత్రి, మర్నాడు అందరికీ సెలవు. ఎవరేం తేవాలో వాట్సాప్‌లో రాసుకున్నాం. ఎంత తేవాలో మాత్రం ఎవరూ రాయలేదు. "అందరికీ సరిపోవాలి కదా" అని ప్రతి ఇల్లాలూ అందరికీ సరిపడా వండింది. పులిహోర ఒక్కటే మూడిళ్ళ నుంచి వచ్చింది. నేను చేసిన దద్దోజనం పెద్ద గిన్నెలో సగానికి సగం మిగిలిపోయింది. పదకొండయ్యేసరికి ఎవరి గిన్నెలు వాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టారు. "నువ్వు తీసుకెళ్ళు వదినా", "మా ఫ్రిజ్‌లో చోటు లేదు అక్కా" అని కాసేపు మర్యాదలు నడిచాయి. చివరికి అన్నీ కలిపి రెండు నల్ల సంచుల్లో నింపేశాం.

ఆ సంచులు నేనూ మావారూ కిందికి మోశాం. మా బిల్డింగ్ నాతూర్ యాభై ఏళ్ళు దాటిన నేపాలీ ఆయన. చేతిలోంచి సంచి అందుకున్నాడు. అడుగు పట్టుకుని చూసి ఆగాడు. హిందీలో మెల్లగా అన్నాడు: "మేడమ్, తొమ్మిదింటికి ఒక్క ఫోన్ చేసుంటే బాగుండేది. మా గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం." ఆ మాటలో నిష్ఠూరం లేదు. సంగతి చెప్పాడంతే. తర్వాత సంచి ఎత్తి సందులో ఉన్న పెద్ద చెత్త డబ్బాలో వేశాడు. లిఫ్ట్‌లో పైకి వస్తూ మావారు నా మొహం చూడలేదు, నేను ఆయన మొహం చూడలేదు.

మర్నాడు అమ్మతో ఫోన్‌లో చెప్తే ఆవిడ చాలా మామూలుగా, "కుడితిలో పోస్తే గేదె తాగేది కదే" అంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆ మాటే బుర్రలో ఉండిపోయింది.

కృష్ణా డెల్టాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో వంటింటి గుమ్మం బయట కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, పప్పు పొట్టు అన్నీ దాంట్లోకే. సాయంత్రానికి గేదె తాగేసేది. గేదె వేసిన పేడ పెరట్లో ఎరువుదిబ్బకి, దిబ్బ మీద ఎరువు వేసవిలో పొలానికి. రాత్రి మిగిలిన అన్నం పొద్దున చద్దన్నం. మా అమ్మమ్మకి 'ఆహార వ్యర్థాలు' అనే మాటే తెలీదు. ఆవిడ ఇంట్లో దేనికైనా ఒక తర్వాతి చోటు ఉండేది. అల్ సద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో నాకున్న తర్వాతి చోటు సింకు కింది ప్లాస్టిక్ సంచి ఒక్కటే.

నేను చదివింది బి.ఎస్సీ., బి.జెడ్.సి. పెళ్ళయ్యాక ఆ చదువు పిల్లల హోంవర్కుకి తప్ప పెద్దగా వాడలేదు. ఆ దసరా తర్వాత మాత్రం బయటికి తీశాను. ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాకి పక్కల చిల్లులు పెట్టించి, బాల్కనీలో నీడ ఉన్న మూల పెట్టి కంపోస్టు మొదలుపెట్టాను.

మొదటి ప్రయత్నం ఘోరంగా చెడింది. తొక్కలు వేస్తూ పోయాను, పదో రోజుకి కుళ్ళిన గుడ్డు వాసన. పక్క ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేసింది, ఆ తర్వాత బిల్డింగ్ మేనేజర్ చేశాడు. తప్పు నాదే. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి తడి తొక్కల్లో దొరికే నత్రజని ఒక్కటే చాలదు, ఎండు సరుకులో ఉండే కార్బన్ కూడా కావాలి. ఒక వంతు నత్రజనికి పాతిక నుంచి ముప్ఫై వంతుల కార్బన్ ఉంటే వాటికి సుఖం. ఎండు సరుకు తక్కువైతే తడి ఎక్కువై గాలి ఆడదు. గాలి లేని చోట వేరే రకం బ్యాక్టీరియా చేరి కంపు పుట్టిస్తుంది. అదే పని చెత్తగుట్టల అడుగున పెద్ద ఎత్తున జరిగితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు ఇరవై ఏడు రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మన ఇంటి పాచిపోయిన అన్నానికీ భూమి వేడెక్కడానికీ ఉన్న చుట్టరికం ఇదే.

రెండోసారి కుదిరింది. ఒక గిన్నె తొక్కలకి రెండు గిన్నెల ఎండు సరుకు వేశాను. ఇక్కడ ఎండాకులు తక్కువ కానీ ఆన్‌లైన్ ఆర్డర్ల పుణ్యమా అని అట్టపెట్టెలకి లోటు లేదు. వాటిని చిన్న ముక్కలుగా చింపి, కాస్త కొబ్బరిపొట్టు కలిపాను. మొదట్లో రెండు చెంచాల పుల్లటి మజ్జిగ. గుప్పిట్లోకి తీసుకుని పిండితే తడిగా తగలాలి, నీరు కారకూడదు. మూడు రోజులకోసారి కలియబెట్టాలి. వండినవి, నూనె తగిలినవి, మాంసం, పెరుగన్నం వెయ్యకూడదు. రెండు నెలలకి నల్లటి పొడి వచ్చింది, తొలకరి వాన పడ్డ మట్టి వాసనతో. కరివేపాకు కుండీకి అదే వేశాను. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా ఈ పని హాయిగా సాగుతుంది. వేసవిలో బాల్కనీ వేడికి డబ్బా పూర్తిగా ఎండిపోతుంది, పురుగూ బ్యాక్టీరియా ఏదీ మిగలదు. అందుకే జూన్‌లో ఆపేశాను, ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను.

ఇక్కడితో ఆపితే ఇది కంపోస్టు గొప్పల వ్యాసం అయ్యేది. అసలు సంగతి ఫిబ్రవరిలో బయటపడింది. ఫ్రిజ్ సర్దుతుంటే సగం కట్ట కొత్తిమీర, మెత్తబడ్డ రెండు దోసకాయలు, నాలుగు వంకాయలు దొరికాయి. అవి డబ్బాలో వేస్తూ "పోనీలే, ఎరువు అవుతుంది కదా" అని పైకే అన్నాను. పక్కనున్న మా పాప, "అయితే ఎక్కువ కొనుక్కుంటే ఎక్కువ ఎరువు వస్తుందా అమ్మా?" అని అడిగింది. దానికి తొమ్మిదేళ్ళు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నుంచి నాలుగు వారాలు వంటింటి త్రాసు మీద ప్రతిదీ తూచి పుస్తకంలో రాశాను. మా నలుగురికీ కలిపి మొత్తం 22 కిలోలు. అందులో తొక్కలు, టీ పిప్పి, గింజలు 12 కిలోలు. వండి మిగిలి పారేసినవి 6 కిలోలు. కొని వండకుండానే పాడుచేసినవి 4 కిలోలు. అంటే పారేసినదాంట్లో దాదాపు సగం మనుషులు తినాల్సింది. ఆ ఆరు కిలోల్లో ఎక్కువ భాగం అన్నం. నేను ఇంత శ్రద్ధగా కంపోస్టు చేస్తున్నది మంచి కూరగాయల్ని, నా డబ్బా అసలు తీసుకోనిది వండిన అన్నాన్ని.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. భోజనానికి వచ్చినవాళ్ళలో కొందరికి ఆహారం పారేస్తే కలిగే నష్టం చెప్పారు. వాళ్ళు తక్కువ పారేశారు. అదే నష్టం చెప్పి, మిగిలింది కంపోస్టుకి వెళ్తుందని కూడా చెప్పినప్పుడు ఆ మంచి ఫలితం చాలావరకు పోయింది. ఎరువు అవుతుంది అనగానే మనసు తనకి తానే క్షమాపణ ఇచ్చేసుకుంటుంది.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనిదే. తలకి ఏడాదికి 79 కిలోలు, తొక్కలతో సహా. మా ఇంటి నాలుగు వారాల 22 కిలోలని పదమూడుతో హెచ్చించి నాలుగుతో భాగిస్తే 71.5 వస్తుంది. సగటు కంటే కాస్త తక్కువని సంబరపడాలో, అమ్మమ్మ మనవరాలినై ఉండి ఇంతా అని సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను.

మరి ఇంత పెద్ద విషయాన్ని ఇల్లాళ్ళ మనస్సాక్షికి వదిలేస్తే సరిపోతుందా? చాలా ప్రభుత్వాలు సరిపోదనుకుని చట్టాలు చేశాయి. మీరు ఏ దేశంలో ఉన్నా వీటిలో ఏదో ఒకటి మీ ఇంటి చెత్తబుట్ట దాకా వచ్చే ఉంటుంది.

అమెరికాలో రాష్ట్రానికో చట్టం. వెర్మాంట్ 2012లో చట్టం చేసి దశలవారీగా అమలు చేస్తూ, 2020 జూలై 1 నుంచి ఇళ్ళ తిండి వ్యర్థాల్ని కూడా చెత్తలో కలపకూడదంది. కాలిఫోర్నియాలో ఎస్.బి. 1383 చట్టం 2016లో వచ్చింది, 2022 జనవరి నుంచి అమలు. ఇళ్ళ నుంచి తిండి వ్యర్థాల్ని వేరుగా తీసుకెళ్ళే ఏర్పాటు ఊళ్ళే చెయ్యాలి. పెద్ద సూపర్‌మార్కెట్లు తినదగిన మిగులుని దానం చెయ్యాలి. మసాచుసెట్స్ 2014లో వారానికి టన్ను, ఆపైన తిండి వ్యర్థాలు వచ్చే వ్యాపారాలకి నిషేధం పెట్టి, 2022 నవంబరులో ఆ హద్దుని అర టన్నుకి దించింది.

వీటి ఫలితం ఏమిటి? 2024 సెప్టెంబరులో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇలాంటి నిషేధాలు ముందుగా పెట్టిన ఐదు రాష్ట్రాల్ని పరిశీలిస్తే, చెత్తగుట్టలకీ కాల్చడానికీ వెళ్ళే చెత్త చెప్పుకోదగ్గంతగా తగ్గింది ఒక్క మసాచుసెట్స్‌లోనే. అదీ దాదాపు 7 శాతం. మిగతా నాలుగు చోట్ల కాగితం మీద చట్టం ఉంది, చెత్తలో తేడా లేదు. మసాచుసెట్స్‌లో ఎందుకు పనిచేసిందో కూడా వాళ్ళు చెప్పారు. ఆ వ్యర్థాలు తీసుకుని ఎరువో గ్యాసో చేసే చోట్లు దగ్గరలో, అందుబాటు ఖర్చులో ఉన్నాయి. నియమం సూటిగా ఉంది, మినహాయింపులు తక్కువ. తనిఖీకి మనుషులు వచ్చారు, తప్పితే జరిమానా వేశారు.

బోస్టన్ దగ్గర ఉండే మా పిన్ని కూతురికి ఇది చెప్తే, "అంతేగా అక్కా, చోటు, సులువు, చూసేవాళ్ళు" అని మూడు మాటల్లో తేల్చేసింది. ఆ మూడూ పట్టుకుని చూస్తే మిగతా దేశాల సంగతీ అర్థమవుతుంది.

దక్షిణ కొరియానే చూడండి. 2005లో తిండి వ్యర్థాల్ని చెత్తగుట్టల్లో పూడ్చడం ఆపేశారు. 2013 నుంచి దేశమంతటా ఎంత పారేస్తే అంత రుసుము. చాలా అపార్ట్‌మెంట్లలో డబ్బాకి కార్డు చూపిస్తేనే మూత తెరుచుకుంటుంది, వేసింది తూస్తుంది, బిల్లు ఇంటికొస్తుంది. నేను నాలుగు వారాలు త్రాసు పెట్టి చేసిన పని అక్కడ డబ్బా చేసేస్తుంది. ఇప్పుడు అక్కడి తిండి వ్యర్థాల్లో దాదాపు అంతా పశువుల దాణాగానో, ఎరువుగానో, గ్యాసుగానో మారుతోంది. ఒక రకంగా అది దేశమంత కుడితి తొట్టి. ఫ్రాన్స్ 2016లో ఇంకో దారి పట్టింది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు తినదగిన సరుకుని పాడుచేసి పారెయ్యకూడదు, దాన సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి. ఇందులో ఎరువు మాట రాకముందే మనిషి కడుపు మాట వచ్చింది. ఆ వరస నాకు నచ్చింది.

మన దేశంలో చట్టం లేదనుకుంటాం కానీ ఉంది. నగరాల చెత్త మీద అల్మిత్రా పటేల్ గారు 1996లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన తర్వాత 2000లో మొదటి నియమాలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. ఆ 2016 నియమాలు ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకర చెత్త మూడుగా వేరు చెయ్యాలన్నాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు వీలైనంత వరకు తడి చెత్తని తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలన్నాయి. ఇంకొకటి మనలో చాలామందికి తెలియదు. లైసెన్సు లేని చోట వందమందికి మించి భోజనాలు, సభ పెట్టుకుంటే మూడు పని దినాల ముందే పురపాలక సంస్థకి చెప్పి, చెత్త వేరు చేసే బాధ్యత తీసుకోవాలని కూడా వాటిలో ఉంది. ఈసారి ఇండియా వెళ్ళి ఇంటి ముందు షామియానా వేసి ఫంక్షన్ చేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

చోటు, సులువు, చూసేవాళ్ళు మూడూ కుదిరిన ఊరు మనకీ ఉంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో అప్పటి నల్గొండ జిల్లా సూర్యాపేట ఈ విషయంలో దేశమంతా పేరు తెచ్చుకుంది. ఇంటింటికీ రెండు బుట్టలు ఇచ్చారు, తడికి ఒకటి, పొడికి ఒకటి. ఇంటి ముందుకే బండి వచ్చేది, తడి చెత్తతో వానపాముల ఎరువు చేసి అమ్మేవారు. వీధుల్లో కుండీలే తీసేశారు. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఇంకో ముచ్చట. అమ్ముడుపోక వాడిపోయిన కూరగాయలు రోజుకి దాదాపు పది టన్నులు. ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో కట్టిన గ్యాస్ ప్లాంట్‌లో వాటి నుంచి రోజుకి 500 యూనిట్ల కరెంటు తీయడం మొదలుపెట్టారు, మార్కెట్ క్యాంటీన్‌లో వంటకి గ్యాసూ దాన్నుంచే. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా దీని గురించి చెప్పారు.

ఆంధ్రలో పల్లెపల్లెకీ 'చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం' అని షెడ్లు కట్టారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఊరూరా చెత్త వేరుచేసే షెడ్డు, ట్రాక్టరు వచ్చాయి. ఆలోచన చక్కటిది. కానీ మా ఊళ్ళో షెడ్డుకి నేను వెళ్ళిన రెండుసార్లూ తాళమే చూశాను. చోటు ఉంది, సులువు ఉంది, చూసేవాళ్ళు లేరు. మూడింట్లో ఒకటి లేకపోతే మిగతా రెండూ పనికిరావని బోస్టన్ దాకా వెళ్ళి నేర్చుకోనక్కర్లేదు.

ఇక మేమున్న చోటు. ఖతార్ తినే తిండిలో ఎక్కువ భాగం ఓడల్లో, విమానాల్లో వచ్చేదే. 2017 జూన్‌లో సరిహద్దులు మూసుకుపోయిన రోజులు అప్పట్నుంచీ ఇక్కడున్న అక్కలు ఇప్పటికీ చెప్తారు. ఆ జూలైలోనే పాల కోసం ఆవుల్ని విమానాల్లో తెప్పించుకున్న దేశం ఇది. నీళ్ళు కూడా సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవే. ఇలాంటి చోట పారేసిన గరిటెడు అన్నం వెనక ఎంత ఇంధనం, ఎంత దూరం ఉందో ఊహించుకోండి. దోహాకి దక్షిణంగా మెసయీద్‌లో 2011లో పెద్ద ఘన వ్యర్థాల కేంద్రం తెరిచారు. రోజుకి 2,300 టన్నులు తీసుకునేలా కట్టారు. చెత్తలోంచి లోహాలూ ప్లాస్టిక్కూ వేరు చేస్తారు, కుళ్ళే పదార్థం నుంచి గ్యాసూ ఎరువూ తీస్తారు, మిగిలింది కాల్చి కరెంటు చేస్తారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ స్టేడియాల్లో ప్రేక్షకులు తిని వదిలేసినవి కూడా వేరు చేసి ఎరువు చేశారు.

అంటే చోటు ఉంది. మున్సిపాలిటీ మంత్రిత్వ శాఖ ఇళ్ళ దగ్గరే చెత్త వేరు చేయించే కార్యక్రమం కూడా నడుపుతోంది. మా సందులో మాత్రం ఇవాళ్టికీ ఒకటే పెద్ద డబ్బా. పగిలిన గాజు, డైపర్లు, దద్దోజనం అన్నీ దాంట్లోకే. అలా కలిసిపోయిన చెత్తలోంచి వచ్చే ఎరువు ఏ యంత్రం పెట్టినా శుభ్రంగా ఉండదు. ఇంట్లో వేరు చెయ్యడం అందుకే ముఖ్యం. సూటి నియమం పెడితే ఇక్కడ ఎంత త్వరగా అలవాటవుతుందో ఒకసారి చూశాం కదా. 2022 నవంబరు 15 నుంచి దుకాణాల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు బంద్ అన్నారు. మొదటి వారం గొణిగాం. నెల తిరిగేసరికి కారు డిక్కీలో గుడ్డ సంచి మామూలైపోయింది.

తిండి మిగిలితే తీసుకెళ్ళి అవసరమైనవాళ్ళకి పంచే 'హిఫ్జ్ అల్ నేమా' అనే సంస్థ ఇక్కడ ఏళ్ళుగా ఉంది. ఆ పేరుకి అర్థం భాగ్యాన్ని కాపాడుకోవడం అని మా పక్కింటి ఈజిప్టు ఆవిడ చెప్పింది. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని మనం అనేదీ అదే కదా.

చట్టం వచ్చి మా సందులో రెండో డబ్బా పెట్టేలోపు నేను చెయ్యగలిగింది ఏమిటని ఆలోచించి, ఆ మూడు మాటల్నే ఇంటికి తెచ్చుకున్నాను.

చోటు: ఫ్రిజ్‌లో పై అరలో ఎడమ పక్క 'ముందు ఇవి' అని ఒక ట్రే పెట్టాను. మిగిలినవీ, వాడిపోబోయేవీ అక్కడే ఉంటాయి. కొత్త కూర తరిగే ముందు ఆ ట్రే చూడాలి. సాంబారులోకి, పచ్చట్లోకి, రొట్టె పిండిలోకి వెళ్ళనిది దాదాపు ఏదీ ఉండదు.

సులువు: బియ్యం కొలిచే గ్లాసు మార్చాను. పాత స్టీలు గ్లాసు అత్తగారింట్లో ఎనిమిది మందికి వండిన రోజులది. దాంతో చెయ్యి అలవాటు పడి మూడు గ్లాసులు పోసేస్తుంది. ఇప్పుడు చిన్న గ్లాసు. మూడే పోస్తాను, అన్నం మాత్రం మాకు సరిపడా వస్తుంది. నెలకి ఆరు కిలోలు పారేసిన చోట ఇప్పుడు రెండు కిలోల లోపే. ఇంతకంటే సులువైన సంస్కరణ నా జీవితంలో చెయ్యలేదు.

చూసేవాళ్ళు: మా పాప. ప్రతి శుక్రవారం త్రాసు బయటికి తీసి తూచి పుస్తకంలో రాస్తుంది. కూరగాయలు పాడైతే ఎర్ర పెన్ను. జరిమానా ఒక రియాల్, దాని హుండీలోకి. మొదటి నెల నా దగ్గర పదకొండు రియాల్ గుంజింది.

కంపోస్టు డబ్బా మానలేదు. కాకపోతే అందులోకి తొక్కలు మాత్రమే. మనిషి తినేది ఏదైనా అందులో వెయ్యబోతే ముందు ట్రే దగ్గర ఆగాలి.

ఇక మొన్నటి దసరా. ఈసారి వాట్సాప్‌లో వంటకం పక్కన కొలత కూడా రాశాం. ఎవరు ఏది తెచ్చినా పదిహేను మందికి సరిపడా చాలు, ఒక రకం ఒక్క ఇంటి నుంచే. "తక్కువైతే పరువు పోతుందేమో" అని ఒకరిద్దరు జంకారు. తక్కువైతే కింద హోటల్ నుంచి పరోటాలు తెప్పిద్దాం, పరువు ఎక్కడికీ పోదు అన్నాను. అందరూ ఇంటి నుంచి ఖాళీ డబ్బాలు తెచ్చుకున్నారు. అన్నం వండిన రెండు గంటల్లోపే పంచేద్దాం, లేదా ఫ్రిజ్‌లో పెట్టేద్దాం అని ముందే చెప్పాను. గది వేడిలో ఉండిపోయిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. మళ్ళీ వేడి చేసినా అది వదిలిన విషం పోదు. రాత్రి పదకొండింటికి తీసుకెళ్ళి ఇచ్చేది దానం కాదు, మన బరువు దించుకోవడం.

అందుకే వడ్డన మొదలవకముందే, ఏడున్నరకి, ఎనిమిది డబ్బాలు నింపాం. పులిహోర, గోంగూర పప్పు, వంకాయ కూర, బొబ్బట్లు. అన్నీ వేడివేడిగా, మేము ఎంగిలి పడకముందే. మావారూ మా బాబూ కిందికి తీసుకెళ్ళి ఇచ్చారు. రాత్రి పదింటికి మిగిలింది ఒక గిన్నెడు పప్పు, దానికి ముగ్గురు పోటీ పడ్డారు. నల్ల సంచి అవసరం రాలేదు.

శనివారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడు. నాతూర్ భాయ్. ఎనిమిది డబ్బాలూ తళతళలాడేలా కడిగి తెచ్చాడు. ఒక డబ్బా బరువుగా ఉంటే మూత తీశాను. నాలుగు కమలాపండ్లు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మమ్మ అనేది. నేపాల్‌లోనూ అంతేనేమో, అడగలేదు. పండ్లు పిల్లలు తిన్నారు, తొక్కలు బాల్కనీ డబ్బాలోకి వెళ్ళాయి.

మీ ఊళ్ళో తిండి వ్యర్థాలకి వేరే డబ్బా ఉందా? చట్టం ఉందా, ఉంటే చూసేవాళ్ళున్నారా? ఒక్క వారం తూచి చూసి ఎంత వచ్చిందో రాయండి. తక్కువ వచ్చినవాళ్ళు ఎలా చేశారో చెప్పండి, ఎక్కువ వచ్చినవాళ్ళు సిగ్గుపడకండి, మొదటి నెల 22 కిలోల ఇల్లాలు మీ పక్కనే ఉంది. వచ్చే నెల కార్తీక వనభోజనాల ముచ్చట్లతో కలుద్దాం.